షుగర్ ఉందా? చార్టు గడగడా చదివినా కళ్లు బాగున్నట్టు కాదు!

గోదావరిఖని, రామగుండం బొగ్గు గనుల్లో పని చేయాలంటే చూపు బాగుండాల్సిందే. భూగర్భ గనిలో క్యాప్ ల్యాంప్ వెలుగే ఆధారం. ఓసీపీలో డంపర్ నడపాలన్నా కళ్లే ముఖ్యం. అందుకే సింగరేణి కార్మికులకు చేసే పీఎంఈలో కంటి చూపు కూడా చూస్తారు. అయితే షుగర్ ఉన్నవాళ్లు ఒక్కటి గుర్తుంచుకోవాలి.. చార్టులో కింది వరుస చదివేసినా కంటి లోపల వాపు ఉండొచ్చు.

ఏంటీ వాపు?

రెటీనా మధ్యలో ఉండే చిన్న భాగమే మాక్యులా. చదవాలన్నా, ముఖాలు గుర్తుపట్టాలన్నా ఇదే కీలకం. షుగర్ ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే ఇక్కడి సన్నని రక్తనాళాలు దెబ్బతిని లీకవుతాయి. నీరు చేరి మాక్యులా ఉబ్బుతుంది. దీన్నే డయాబెటిక్ మాక్యులర్ ఎడిమా అంటారు. నొప్పి ఉండదు.. కన్ను ఎర్రబడదు. ఒక కన్ను బాగుంటే రెండో కంటి లోపం తెలియదు కూడా. వాపు నడిమధ్యకు చేరాక అక్షరాలు మసకబారతాయి, తిన్నని గీతలు వంకరగా కనిపిస్తాయి.

ఎలా తేలుస్తారు?

ముందు ఒక్కో కన్ను మూసి చార్టు చదివిస్తారు. తర్వాత చుక్కల మందు వేసి, కంటిపాప పెద్దదయ్యాక రెటీనాను పరిశీలిస్తారు. అనుమానం ఉంటే ఓసీటీ స్కాన్ చేస్తారు. ఇందులో సూది ఉండదు, కన్ను ముట్టుకోరు. నిమిషాల్లోనే మాక్యులా పొరలు అడ్డంగా కోసినట్టు కనిపిస్తాయి. మందాన్ని మైక్రాన్లలో, అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు దాకా కొలుస్తారు. నీరు ఎక్కడ చేరిందో, ఎంత ఉబ్బిందో తేలిపోతుంది. కొందరికి మాత్రం చేతి నరంలోకి రంగు మందు ఎక్కించి, లీకేజీ ఫొటోలు తీస్తారు.

అద్దాలతో పోదు

కంటి వెలుగు శిబిరాల్లో చాలామందికి కళ్లద్దాలు ఇచ్చారు. కానీ ఈ వాపు అద్దాలతో తగ్గదు. అవసరాన్ని బట్టి కంట్లోకి ఇంజెక్షన్లు, లేజర్ చికిత్స ఇస్తారు. షుగర్, బీపీ అదుపులో ఉండాల్సిందే.

ఎప్పుడు చేయించుకోవాలి?

టైప్-2 షుగర్ బయటపడిన వెంటనే ఒకసారి, ఆ తర్వాత డాక్టర్ వేరేలా చెబితే తప్ప ఏడాదికోసారి. చుక్కల మందు వేశాక కొన్ని గంటలు చూపు మసగ్గా ఉంటుంది. అందుకే డ్యూటీ లేని రోజు చూసుకుని, తోడుగా ఒకరిని తీసుకెళ్లాలి.. బండి నడపొద్దు.

అన్‌ఫిట్ అంటారేమోనని దాచుకోవద్దు, పీఎంఈ వంతు వచ్చేదాకా ఆగొద్దు. వాపు ముదిరాక పోయిన చూపు పూర్తిగా తిరిగి రాకపోవచ్చు. ముందే దొరికితే చూపూ నిలుస్తుంది, ఉద్యోగమూ నిలిచే అవకాశం ఉంటుంది.