పిల్లలాట పెద్దలకు తగదా?

మెట్టుగూడలో ఒక ఇంట్లో శనివారం గృహకూడిక. ప్రార్థనకు ఇంకా పావుగంట ఉందనగా మేము వెళ్లేసరికి ఆ ఇంటి పెద్దాయన సోఫా అంచున కూర్చుని టీవీలో చిన్న బొమ్మ కారు తోలుతున్నారు. ఆయన రైల్వేలో లోకో పైలట్‌గా చేసి రిటైరైనవారు, మన సంఘ పెద్దల్లో ఒకరు. పక్కనే మనవడు. ఆట పేరు మారియో కార్ట్. కారు పోయి పోయి గోడకే గుద్దుకుంటోంది. "తాతా, ఎడమకి తిప్పు, ఎడమకి!" అని వాడు అరుస్తున్నాడు. "ఒరేయ్, ముప్పై ఏళ్లు నేను నడిపిన బండికి అసలు స్టీరింగే లేదురా" అని ఈయన.

అప్పుడే గుమ్మంలో చెప్పులు విప్పుతున్న ఒక సోదరుడు, "అయ్యగారూ, ఈ వయసులో చిన్నపిల్లల ఆటలేంటండీ?" అన్నారు. అందరూ నవ్వారు. మేమూ నవ్వాం. పెద్దాయన కూడా నవ్వేసి రిమోట్ పక్కన పెట్టి, బైబిలు చేతిలోకి తీసుకున్నారు.

ఆ తర్వాత ఆరు నెలలు ఆయన దాన్ని ముట్టుకోలేదు. ఆ సంగతి కోడలు చెప్తేగానీ మాకు తెలియలేదు. మనవడికి పన్నెండేళ్లు. ఇప్పుడు వాడు గది తలుపు వేసుకుని, చెవులకు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, ఊరూ పేరూ తెలియని వాళ్లతో ఫోన్‌లో తుపాకుల ఆట ఆడుతున్నాడట. "మామయ్యగారితో ఆడినన్నాళ్లూ హాల్లోనే ఉండేవాడండీ" అందా అమ్మాయి. ఆ మాట మమ్మల్ని కొంతకాలం వెంటాడింది. ఈ వారం సంపాదకీయం దాని గురించే.

రక్తం, బూతు, జూదం లేని ఆటలు, కుటుంబమంతా కూర్చుని ఆడదగిన వీడియో గేములు పెద్దవాళ్లకు మరీ చిన్నతనమా? ఈ ప్రశ్న రాగానే మన సంఘాల్లో వెంటనే వినబడే వాక్యం 1 కొరింథీయులకు 13:11. పిల్లవాడిగా ఉన్నప్పుడు పిల్లవాడిలా మాట్లాడాను, తలంచాను, పెద్దవాడినయ్యాక పిల్లవాని చేష్టలు మానేశాను అని పౌలు చెప్పే చోటు. ఇంకేముంది, తేలిపోయింది అనుకుంటాం. కానీ ఆ అధ్యాయం పైనా కిందా చదివితే అక్కడ బొమ్మల ఊసు లేదు, ఆటల ఊసు లేదు. ప్రవచనాలు, భాషలు, జ్ఞానం ఇవన్నీ ఒకనాటికి గతించిపోతాయి, ప్రేమ మాత్రం నిలుస్తుందని ఆయన చెబుతున్నాడు. మన వరాలే గొప్పవని ఒకరి మీద ఒకరు ఎగబడుతున్న కొరింథు సంఘానికి, మీరు గొప్పగా అనుకుంటున్నదే చిన్నతనం అని చెప్పడానికి ఆ పోలిక తెచ్చాడు. తర్వాతి అధ్యాయం 20వ వచనంలో ఇంకా తేటగా, దుష్టత్వం విషయంలో శిశువుల్లా ఉండండి, బుద్ధి విషయంలో పెద్దవాళ్లవ్వండి అంటాడు. అంటే ఒక విషయంలో పసితనం పోవాలి, ఇంకో విషయంలో ఉండాలి. మనం చాలాసార్లు ఈ రెండింటినీ తారుమారు చేసుకుంటాం.

ఈ తారుమారు ఆటల అట్టపెట్టెల మీద కూడా కనిపిస్తుంది. అమెరికాలో 1993లో వీడియో గేముల్లోని హింస మీద సెనెట్ విచారణలు జరిగాక, 1994లో ఆటలకు వయసు గుర్తులు ఇచ్చే సంస్థ ఏర్పడింది. మొదట్లో అందరికీ తగిన ఆటకు వాళ్లు పెట్టిన గుర్తు 'కె-ఎ'. పిల్లల నుంచి పెద్దల వరకు అని దాని అర్థం. 1998లో దాన్ని మార్చి 'ఇ' అన్నారు, 'ఎవ్రీవన్', అంటే అందరికీ. ఎవరికీ అభ్యంతరం లేనిది అనే తప్ప, పిల్లలకు మాత్రమే అనే అర్థం ఆ గుర్తుకు ఏనాడూ లేదు. నరుకుడు, నెత్తురు, అసభ్యత ఎక్కువున్న ఆటలకు ఇచ్చే గుర్తు 'ఎమ్', 'మెచ్యూర్'. పరిపక్వత అన్నమాట! తల తెగి పడటం చూడగలగడమే పరిపక్వత అనుకునే చోట, పెద్దరికం అన్న మాటకు విలువ ఏం మిగులుతుంది?

యూరప్‌లో 2003 నుంచి ఉన్న పద్ధతిలో 3, 7, 12, 16, 18 అని అంకెలు వేస్తారు. 3 అంటే మూడేళ్ల పిల్ల చూసినా హాని లేదని. ఆట ఎంత కష్టమో, ఎంత లోతైనదో ఆ అంకె చెప్పదు. ఆ లెక్కన చదరంగం కూడా మూడేళ్లవాళ్ల ముందు ఆడదగినదే. గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2019లోనూ 2024లోనూ ప్రపంచ ర్యాపిడ్ చెస్ విజేత అయినప్పుడు, పెళ్లయి పాప ఉన్న ఆవిడ ఇంకా ఆటలేమిటి అని మన ఊళ్లలో ఎవరూ అనలేదు. పేపర్లో బొమ్మ చూసి గర్వపడ్డాం. మరి హాల్లో మనవడితో కూర్చున్న తాతను చూస్తే నవ్వెందుకొచ్చింది?

కొంతవరకు కారణం రంగులు, బొమ్మలు అనుకుంటాం. బొమ్మ కనబడితే పిల్లల సరుకు అని ముద్ర వేసేస్తాం. కానీ మన తరం ఇళ్లలో 1947లో మొదలైన 'చందమామ' ఎవరి పత్రిక? పోస్టులో రాగానే ముందు చదివేది నాన్నగారే, ఆయన వదిలితే తాతగారు, మిగిలింది పిల్లలకు. వాళ్లెవరికీ పెద్దరికం తగ్గలేదు. అంతెందుకు, మే నెలలో వి.బి.ఎస్. జరుగుతుంటే కాలేజీ లెక్చరర్లు, బ్యాంకు ఉద్యోగులు, రైల్వే క్లర్కులు పిల్లల ముందు నిలబడి చేతులు తిప్పుతూ, గెంతుతూ యాక్షన్ సాంగ్స్ పాడతారు. అందులో చిన్నతనం ఎవరికీ కనబడదు. ఎందుకంటే అది పిల్లల కోసం అని మనకు తెలుసు. హాల్లో తాతగారు చేసింది వేరే పనేమీ కాదు.

ఇక్కడ వాక్యంలో ఒక మాట గురించి చెప్పాలి. పాత నిబంధనలో నవ్వడానికి, ఆడటానికి వాడే ఒక హెబ్రీ క్రియ ఉంది, 'సాహక్'. జెకర్యా 8వ అధ్యాయంలో దేవుడు తిరిగి కట్టబోయే యెరూషలేమును ప్రవక్త చూపించినప్పుడు, 4వ వచనంలో చేతికర్రలు పట్టుకున్న ముసలివాళ్లు వీధుల్లో కూర్చుని ఉంటారు. 5వ వచనంలో అవే వీధుల్లో మగపిల్లలు, ఆడపిల్లలు ఆడుకుంటూ ఉంటారు. ఆ ఆడుకోవడానికి ఇదే మాట. సామెతలు 8వ అధ్యాయం చివర్లో, సృష్టి జరుగుతున్నప్పుడు జ్ఞానం దేవుని సన్నిధిలో సంతోషించిందన్న చోటా ఇదే. 104వ కీర్తనలో దేవుడు సముద్రంలో మకరాన్ని చేసింది అక్కడ ఆడుకోవడానికే అన్నప్పుడూ ఇదే.

మందసం యెరూషలేముకు వచ్చిన రోజు రాజైన దావీదు నాట్యమాడుతుంటే కిటికీలోంచి చూసిన మీకాలు అతన్ని హీనపరచింది. రాజుకు తగిన పనేనా ఇది అన్నది ఆమె మాటలోని సారం. దావీదు జవాబులో (2 సమూయేలు 6:21) తాను చేసిన పనికి వాడిన మాట మళ్లీ సాహక్. ఆ సాయంత్రం మెట్టుగూడలో మేము నవ్విన నవ్వు మీకాలు నవ్వుకు ఎంత దూరమో మేము తర్వాత ఆలోచించుకోవాల్సి వచ్చింది. దావీదు చేసింది ఆరాధన, తాతగారు చేసింది కాలక్షేపం, రెండూ ఒకటి కావు. ఒప్పుకుంటాం. పోలిక చూసేవాళ్ల విషయంలోనే.

ఇదే మాట మరో చోట భయంకరంగా కనబడుతుంది. 2 సమూయేలు 2వ అధ్యాయంలో గిబియోను కొలను దగ్గర అబ్నేరు, యోవాబు చెరో వైపు కూర్చుంటారు. పడుచువాళ్లను లేపి మన ముందు ఆడనిద్దాం అని అబ్నేరు అంటాడు. సరే అంటాడు యోవాబు. ఇటు పన్నెండు మంది, అటు పన్నెండు మంది. ఒకరి తల ఒకరు పట్టుకుని కత్తులు డొక్కల్లో దించుకుంటారు. ఇరవై నలుగురూ అక్కడే కూలిపోతారు. ఆడమన్నది అనుభవజ్ఞులైన ఇద్దరు సేనాధిపతులు. పెద్దమనుషుల ఆట అంటే అది.

మన చుట్టూ అలాంటి పెద్దమనుషుల ఆటలకు కొదవేమీ లేదు. ఫోన్‌లో రమ్మీ ఆడేవాణ్ణి ఎవరైనా చిన్నపిల్లల ఆట అని ఎగతాళి చేయగా మీరు విన్నారా? మేము వినలేదు. జీతం పోయి, నగలు పోయి, లోన్ యాప్‌ల అప్పుల్లో చిక్కుకుని ప్రాణాలు తీసుకున్నవారి వార్తలు మాత్రం చదివాం. తెలంగాణ ప్రభుత్వం 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో చట్టాలు సవరించి డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ కలిపి ఒక చట్టం చేసింది. నైపుణ్యమా అదృష్టమా అన్న వాదనతో పని లేకుండా, డబ్బు ఒడ్డే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ అది నిషేధిస్తుంది. డబ్బు ప్రసక్తి లేని వినోదపు ఆటలను మాత్రం వేరుగా చూస్తుంది. పార్లమెంటు గీసిన ఈ గీత సంఘంలో మనం గీసుకున్న గీత కన్నా నయంగా ఉందని చెప్పడానికి మాకు కాస్త సిగ్గుగానే ఉంది.

లూడో సంగతే చూడండి. మన అష్టాచెమ్మా, పచ్చీసుల కుటుంబంలోదే అది. 2020 లాక్‌డౌన్‌లో అమెరికాలో కొడుకు, సికింద్రాబాదులో అమ్మ, విజయవాడలో అక్క ముగ్గురూ ఫోన్లలో లూడో కింగ్ తెరిచి ఒకరి కాయ ఒకరు చంపుకుంటూ నవ్వుకున్న ఇళ్లు మనకు తెలిసినవే. అదే లూడోకు పందెం కట్టే యాప్‌లు వచ్చాక అది పెద్దల ఆటైంది. కాయలు అవే, పాచిక అదే.

అలాగని బొమ్మలు ముద్దుగా ఉన్న ప్రతి ఆటా మంచిదని మేము అనడం లేదు. ఈ మాట గట్టిగా చెప్పాలి, ఎందుకంటే మన అమ్మగార్లు ఎక్కువ మంది చిక్కుకునేది ఇక్కడే. 2012లో వచ్చిన క్యాండీ క్రష్‌లో హింస లేదు, అసభ్యత లేదు, ఉన్నవన్నీ మిఠాయిలే. కానీ ఐదు 'ప్రాణాలు' ఇస్తుంది. అవి అయిపోతే ఒక్కో ప్రాణం తిరిగి రావడానికి అరగంట ఆగాలి, లేదా డబ్బు కట్టాలి. ఆ అరగంట ఊరికే పెట్టలేదు. మనసు దాని మీదే ఉండాలని పెట్టారు. కూర మాడుతున్నా, కుటుంబ ప్రార్థన మొదలవుతున్నా ప్రాణం వచ్చిందా లేదా అని ఫోన్ వైపు చూపు పోతుంది. అట్ట మీది గుర్తు 'అందరికీ' అన్నంత మాత్రాన ఈ సంగతి అందులో తెలియదు. బంగారు దూడ ముందు జనం తిని తాగి ఆడటానికి లేచారని నిర్గమకాండం చెబుతుంది, పౌలు దాన్ని కొరింథీయులకు గుర్తు చేస్తాడు. అక్కడ తప్పు లేచి ఆడటంలో మొదలవలేదు, దూడ దగ్గర మొదలైంది. ఫోన్ కూడా దూడ కాగలదు.

కాబట్టి ఒక ఆట పెద్దలకు తగినదా కాదా అని చూడాల్సిన చోటు బొమ్మల రంగులు కాదు. అది ముగుస్తుందా? మారియో కార్ట్‌లో ఒక పందెం మూడు నాలుగు నిమిషాల్లో అయిపోతుంది. ఆపేసి లేవచ్చు. ఒకే తెరను నాలుగు ముక్కలు చేసి నలుగురు పక్కపక్కనే కూర్చుని ఆడవచ్చు. చేతకానివాళ్ల కారు దారి తప్పకుండా ఆటే కాస్త సాయం చేసే ఏర్పాటు కూడా ఉంది. దాన్ని పిల్లల కోసం పెట్టారనుకుంటాం గానీ, తాతల కోసం కూడా అని మా అనుమానం. మోకాళ్ల నొప్పులున్న మనిషి మనవడితో గ్రౌండ్‌లో క్రికెట్ ఆడలేడు. సోఫాలో కూర్చుని ఓడిపోగలడు. పిల్లవాడికి పెద్దవాళ్లను ఓడించే చోటు ఇంట్లో ఒకటైనా ఉండటం, ఓడిపోయి కోపగించుకోని పెద్దమనిషిని వాడు కళ్లారా చూడటం, ఏ పాఠం చెప్తే వస్తుంది?

సమయం మాటేమిటి అని అడిగే సోదరులు ఉన్నారు. న్యాయమైన ప్రశ్నే. ఎఫెసీయులకు 5:16 మనందరికీ వర్తిస్తుంది. అయితే ఆ ప్రశ్న రాత్రి తొమ్మిదింటి సీరియల్‌కూ, వాట్సాప్ గ్రూపులో గంటల తరబడి సాగే వాదాలకూ కూడా వేద్దాం. అవన్నీ పెద్దల వ్యాపకాలు గనుక వాటిని ఎవరూ లెక్క అడగరు. ఆదివారం ఆరాధన అయ్యాక, భోజనాలయ్యాక ఒక అరగంట పిల్లల పక్కన కూర్చునే తండ్రి సమయం పోగొట్టుకుంటున్నాడని మేము అనలేం. ఆ అరగంటలో ఆ ఆట ఏమిటో, అందులో ఎవరు మాట్లాడుతున్నారో, డబ్బు ఎక్కడ అడుగుతోందో ఆయనకే తెలుస్తుంది. తలుపు బయట నిలబడి "ఎప్పుడూ ఆ ఫోనేనా" అని అరిచే తండ్రికి ఇందులో ఒక్కటీ తెలియదు.

ఆ సోదరుడితో మేము మాట్లాడాం. ఆయన తేలిగ్గా అన్న మాట అంత దూరం వెళ్లిందని తెలిసి బాధపడ్డారు. పోయిన శనివారం కూడికకు అందరికన్నా ముందే వచ్చి, "అయ్యగారూ, ఆ రిమోట్ ఇంకోటి ఉందా? మా వాడు కూడా ఇదే కావాలని గోల చేస్తున్నాడు, ఏంటో చూద్దామని" అన్నారు. పెద్దాయన మనవణ్ణి కేకేశారు. వెంటనే రాలేదు. రెండోసారి పిలిస్తే తలుపు తెరుచుకుంది. ఒక చెవికి ఇంకా హెడ్‌ఫోన్ ఉంది. వాడు ఇద్దరికీ రిమోట్లు ఇచ్చి తాను నిలబడే చూశాడు. మూడో పందెంలో ఆ సోదరుడి కారు నీళ్లలో పడితే ఆగలేక వచ్చి మధ్యలో కూర్చున్నాడు. ఆ రోజు ప్రార్థన పది నిమిషాలు ఆలస్యంగా మొదలైంది.