గోధుమ సరిపడని దేహము - సీలియాక్ వ్యాధి

గుప్పెడు గోధుమపిండిలో నీరు పోసి గట్టి ముద్దగా కలిపి, అరగంట నాననిచ్చి, తరువాత ఆ ముద్దను గిన్నెడు నీటిలో మెల్లగా పిసికినచో నీరు పాలవలె తెల్లబడును. నీటిని మార్చుచు మరల మరల పిసుకుచుండగా చివరకు చేతిలో రబ్బరువంటి జిగురుముద్ద యొకటి మిగులును. లాగినచో సాగును, విడిచినచో ముడుచుకొనును. నీటిలో కలిసిపోయినది పిండి పదార్థము. చేతిలో మిగిలినదానిలో అధికభాగము గ్లూటెన్ అను మాంసకృత్తు. ఇటలీ దేశమున బొలోనా నగరమునకు చెందిన బెక్కారి అను శాస్త్రజ్ఞుడు ఈ ప్రయోగమును 1728లో వివరించెను. 1745లో అది అచ్చయినది. దీనికి ప్రత్యేక పరికరములేవియు అక్కరలేదు. ఏ పాఠశాలలోనైనను చేసి చూపవచ్చును. ప్రక్కనే బియ్యపుపిండితో ఇదే పని చేసినచో ముద్ద యంతయు నీటిలో విడిపోవును, జిగురు మిగులదు.

చపాతీ చిరుగకుండ సాగుటకును, రొట్టె పొంగి మెత్తగా నుండుటకును ఈ జిగురే కారణము. కోట్లకొలది జనులు దీనిని ప్రతిదినము తినుచున్నారు. వారికి హాని యేమియు లేదు. కాని ప్రపంచములో ఇంచుమించు నూటికొకరికి ఇది సరిపడదు. తినినకొలదియు వారి చిన్నప్రేవు లోలోపల చెడిపోవుచుండును. ఈ స్థితికి సీలియాక్ వ్యాధి అని పేరు. పొట్టకు సంబంధించినది అను అర్థము గల గ్రీకు పదము నుండి ఈ పేరు వచ్చినది.

ప్రేవులో జరుగునదేమి?

చిన్నప్రేవు లోపలి గోడ నునుపుగా నుండదు. మఖమలు గుడ్డపై నూగువలె దానిపై లెక్కలేనన్ని సన్నని మొలకలు నిలిచియుండును. వీనిని ఆంత్రచూషకములందురు. ఒక్కొక్కటి సుమారు ఒక మిల్లీమీటరు పొడవుండును. అరిగిన ఆహారసారమును రక్తములోనికి పీల్చునవి ఇవియే.

మాంసకృత్తులు అమైనో ఆమ్లముల గొలుసులు. జీర్ణరసములు ఈ గొలుసులను చిన్నచిన్న ముక్కలుగా త్రుంచును. గ్లూటెన్‌లో ప్రోలీన్, గ్లుటమీన్ అను అమైనో ఆమ్లములు హెచ్చుగా నుండుటచే ఆ గొలుసు కొన్నిచోట్ల తెగదు; పొడవైన తునకలు మిగిలిపోవును. 33 అమైనో ఆమ్లములు గల అట్టి తునక నొకదానిని శాస్త్రజ్ఞులు 2002లో గుర్తించిరి. ఈ తునకలు అందరి ప్రేవులలోను మిగులును. కాని అందరికిని అపకారము చేయవు.

ఎవరికి చేయును? హెచ్.ఎల్.ఎ. వర్గమునకు చెందిన డి.క్యు.2, డి.క్యు.8 అను రకముల జన్యువులు గలవారిలో కొందరికి చేయును. వారి ప్రేవు గోడలోనికి చొచ్చిన తునకలను టిష్యూ ట్రాన్స్‌గ్లుటమినేజ్ అను ఎంజైము కొంచెము మార్చును. మారిన తునకలను తెల్లకణములు శత్రువులుగా భావించి పోరాటమునకు దిగును. ఆ పోరాటములో దెబ్బతినునది గ్లూటెన్ కాదు, సొంత ప్రేవు. చూషకములు పొట్టివై, క్రమముగా అరిగి, గోడ చదునైపోవును. అప్పుడు ఎంత తినినను ఇనుము, కాల్షియము, ఫోలిక్ ఆమ్లము, క్రొవ్వులు తగినంతగా రక్తమున చేరవు. చెఱువు నిండుగా నున్నను తూము పూడినచో చేను ఎండును గదా! ఇదియు అట్టిదే.

కారణము తెలిసిన విధము

గోధుమయే దోషియని తెలియుటకు చాలకాలము పట్టినది. లండను నగరములోని పిల్లల ఆసుపత్రిలో శామ్యూల్ గీ అను వైద్యుడు 1887లో ఈ వ్యాధిని గూర్చి ఉపన్యసించెను. 1888లో అది ప్రచురింపబడెను. రోగికి నయమగు మార్గ మేదైన నున్నచో అది ఆహారమువలననే యని ఆయన సరిగానే ఊహించెను. కాని వరియన్నము తగదని నిషేధించి, పలుచగా కోసి రెండువైపుల బాగుగా కాల్చిన రొట్టెను తినవచ్చుననెను! మేలు చేయుదానిని మాన్పించి, కీడు చేయుదానిని అనుమతించిన ఈ పొరపాటు ఎవరికిని చాలకాలము తెలియలేదు. న్యూయార్కులో సిడ్నీ హాస్ అను వైద్యుడు 1924లో అరటిపండ్లు ప్రధానముగా గల పథ్యమును ప్రకటించెను. దానివలన పిల్లలు కోలుకొనిరి. అది అరటిపండ్ల మహిమ యని అందరు నమ్మిరి. ఆ పథ్యములో రొట్టె లేకపోవుటయే అసలు కారణమని ఎవరికిని తోచలేదు.

ఆ సంగతిని కనిపెట్టినది హాలెండు దేశపు శిశువైద్యుడు విల్లెం డికె. ఆయన హేగ్ నగరములోని పిల్లల ఆసుపత్రిలో పనిచేయుచు 1930 తరువాతి సంవత్సరములలోనే గోధుమ లేని పథ్యమును ప్రయత్నించి, 1941లో దానిని గూర్చి వ్రాసెను. 1944-45 శీతకాలమున, జర్మను సైన్యముల ఆక్రమణలో నున్న ఆ దేశమున ఘోరమైన కరవు వచ్చెను. రొట్టె దొరకక జనులు ట్యూలిప్ పూలమొక్కల దుంపలను సైతము తినిరి. దేశమంతయు ఆకలితో కృశించిన ఆ కాలముననే, రొట్టె లేనందున సీలియాక్ పిల్లల వ్యాధి తగ్గుటయు, రొట్టె మరల వచ్చినంతనే తిరుగబెట్టుటయు డికె గమనించెను. అనుమానము దృఢపడెను.

అయినను గమనించుట వేరు, నిరూపించుట వేరు. డికె తన సహచరులతో కలిసి పిల్లలకు ఒక్కొక్క ధాన్యమును కొంతకాలము పెట్టి, పీల్చబడక మలములో పోవుచున్న క్రొవ్వును కొలిపించెను. గోధుమ, రై ధాన్యములు పెట్టినపుడు క్రొవ్వు నష్టము హెచ్చెను. వరి, మొక్కజొన్న పెట్టినపుడు హెచ్చలేదు. ఈ ఫలితములతో ఆయన 1950లో ఉట్రెక్టు విశ్వవిద్యాలయమునకు సిద్ధాంతవ్యాసమును సమర్పించెను. 1952లో ఇంగ్లండులోని బర్మింగుహాములో షార్లెట్ ఆండర్సన్, ఆమె సహచరులు గోధుమపిండిని కడిగి రెండుగా విభజించి చూచిరి. పిండి పదార్థము నిర్దోషి. జిగురే దోషి యని తేలెను. మొదట చెప్పిన గిన్నెడు నీటి ప్రయోగమే ఈ విధముగా రోగి ప్రాణమును నిలుపు జ్ఞానమైనది.

మన దేశమున

భారతదేశములోని వేర్వేరు ప్రాంతములను పోల్చిన పరిశోధన యొకటి 2016లో ప్రచురింపబడెను. ఈ వ్యాధికి సంబంధించిన ప్రతిరక్షకములు ఉత్తరభారతమున నూటికి 1.23 మందిలోను, దక్షిణమున 0.10 మందిలోను మాత్రమే కనబడెను. జన్యువులలో భేదమా యనగా, అవి రెండుచోట్లను ఇంచుమించు సమానముగనే, మూడవ వంతుకు పైగా జనులలో నున్నవి. భేదము కంచములో నున్నది. పరీక్షింపబడిన ఉత్తరాది ప్రజలు దినమునకు సగటున సుమారు 455 గ్రాముల గోధుమ తినుచుండగా దక్షిణాదివారు 25 గ్రాములే తినుచుండిరి.

వరియన్నము తిను తెలుగువారికి ఇది కొంత రక్ష. కాని ఇపుడు ఉదయము గోధుమరవ్వ ఉప్మా, సాయంకాలము బిస్కట్లు, మధుమేహమను భయముతో రాత్రి చపాతీలు సామాన్యమైనవి. ఇచట అరుదు అను నమ్మకముచేతనే ఈ వ్యాధి గుర్తింపబడక పోవచ్చును.

ఎట్లు గుర్తింపవలెను?

కొందరు పిల్లలకు తరచు విరేచనములు, ఉబ్బిన పొట్ట, సన్నని కాలుసేతులు, చిరాకు కనబడును. మరి కొందరికి విరేచనములే యుండవు. ఎన్ని ఇనుము మాత్రలు మ్రింగినను తగ్గని రక్తహీనత, ఎత్తు పెరుగకపోవుట, ఆలస్యమైన యౌవనము, మాటిమాటికి నోటిపూత, ఎముకల బలహీనత, దురద గల పొక్కులు - వీనిలో ఏదో యొకటి మాత్రమే యుండవచ్చును. ప్రార్థనకు నిలుచు వరుసలో ఏటేటా ముందే నిలుచుచు, పాలిపోయి, త్వరగా అలసిపోవు విద్యార్థిని ఉపాధ్యాయుడు చూచుచునే యుండును. పొట్టిగా నున్న ప్రతి బాలునికి ఈ వ్యాధి యున్నదని కాదు. వైద్యునికి చూపింపుమని తలిదండ్రులకు చెప్పుట మాత్రము మేలు. రోగి తోబుట్టువులను, తలిదండ్రులను, మొదటి రకపు మధుమేహము గల పిల్లలను కూడ పరీక్షించుట మంచిది.

మొదట రక్తములో ప్రతిరక్షకములకై పరీక్ష చేయుదురు. అవి కనబడినచో సాధారణముగా ఎండోస్కోపు అను గొట్టముతో చిన్నప్రేవు మొదటిభాగము నుండి చిన్న ముక్కలు తీసి సూక్ష్మదర్శిని క్రింద చూతురు. ఇచట ఒక హెచ్చరిక ముఖ్యము. పరీక్షలు ముగియువరకు గోధుమ మానరాదు. ముందే మానినచో ప్రతిరక్షకములు తగ్గి, ప్రేవు కొంత మాని, వ్యాధి యున్నను లేనట్లు తేలును. అటుపిమ్మట నిజము తెలియుటకు మరల కొన్ని వారములు గోధుమ తినవలసివచ్చును.

పథ్యమే ఔషధము

ఈ వ్యాధిని పోగొట్టు మందు ఇంతవరకు లేదు. గోధుమ, బార్లీ, రై ధాన్యములను జీవితాంతము మానుటయే చికిత్స. మానిన కొలది వారములలో ఆకలి, ఉత్సాహము వచ్చును. చూషకములు మరల మొలచుటకు నెలలు, పెద్దవారిలో ఒక్కొక్కప్పుడు సంవత్సరములు పట్టును.

అదృష్టవశమున తెలుగువారి వంటయిల్లు ఇందుకు చాలవరకు అనుకూలమైనది. వరి, జొన్న, సజ్జ, రాగి, కొఱ్ఱ, సామ, మొక్కజొన్న, పప్పులన్నియు - వీనిలో గ్లూటెన్ లేదు. ఇడ్లీ, మినపట్టు, పెసరట్టు, జొన్నరొట్టె, రాగిసంకటి, అరిసెలు, సున్నుండలు నిర్భయముగా తినవచ్చును. మానవలసినవి చపాతీ, పూరీ, మైదా, బొంబాయి రవ్వ, గోధుమ సేమియా, బిస్కట్లు, కాజాలు, మైదాతో చేసిన బొబ్బట్లు. జ్వరము వచ్చినపుడు ఇచ్చు బార్లీనీరు, బార్లీ మాల్టు కలిసిన పానీయములు గూడ పనికిరావు. ఓట్లు గోధుమతో కలిసి కల్తీపడుట సామాన్యము గనుక వైద్యుని అడుగక తినరాదు.

కంటికి కనబడని గోధుమయే ఎక్కువ ప్రమాదకరము. అంగడిలో అమ్ము ఇంగువలో తరచు గోధుమపిండి కలిపియుండును. అట్టి ఇంగువతో పోపు పెట్టిన పులిహోర రోగికి పనికిరాదు. పిండిమరలో గోధుమలు ఆడించిన వెంటనే జొన్నలు ఆడించినచో జొన్నపిండిలో గోధుమ చేరును. పూరీలు వేయించిన నూనె, చపాతీలు ఒత్తిన పీట గూడ అట్టివే. గోధుమపిండిలో సుమారు పదవవంతు గ్లూటెన్ ఉండును. దినమునకు 50 మిల్లీగ్రాముల గ్లూటెన్ మూడునెలలపాటు తినినను ప్రేవు చెడునని 2007లో ప్రచురింపబడిన పరిశోధన తెలుపుచున్నది. అనగా అరగ్రాము పిండి, ఒక్క చిటికెడు. గ్లూటెన్ లేదని ముద్రించి అమ్ము ఆహారమున కిలోగ్రాముకు 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉండరాదని మన దేశమున నియమము గలదు.

ఇంట్లో రోగి కొరకు వేరు డబ్బాలు, వేరు పెనము ఉంచుట, ధాన్యమును కడిగి ఎండబెట్టి ఇంటిలోనే విసరుకొనుట మంచి పద్ధతి. గ్లూటెన్ లేని బిస్కట్లు, కేకులు ఖరీదైనవి. వానిలో పీచుపదార్థము తరచు తక్కువ. వానికంటె రాగి, సజ్జ మేలు. వ్యాధి లేనివారు బరువు తగ్గుదుమను ఆశతో గోధుమ మానవలసిన పనిలేదు.

బడిలోను, బంధువులలోను

పథ్యమును చెడగొట్టునది తరచు ఆకలి కాదు, మొగమాటము. పుట్టినరోజు కేకు, పెండ్లిభోజనములో పూరీ, "ఒక్క ముక్కకు ఏమవుతుందమ్మా" అను అత్తయ్య ప్రేమ - వీనిని కాదనుట పిల్లలకు కష్టము. సత్యనారాయణ వ్రత ప్రసాదము, అన్నవరము ప్రసాదము గోధుమరవ్వతో చేసినవే. వలదనినచో అపచారమని పెద్దలు నొచ్చుకొందురు. ఒక్క ముక్క తినిననాడు కడుపునొప్పి రాకపోవచ్చును. అందుచే హాని లేదని పిల్లవాడు అనుకొనును. ప్రేవు మాత్రము లోపల చెడుచునే యుండును. ఏండ్లతరబడి పథ్యము పాటింపనివారికి ఎముకలు గుల్లబారును. అరుదుగా ప్రేవులో ఒక విధమైన క్యాన్సరు గూడ రావచ్చును.

ఇచట ఉపాధ్యాయుడు చేయదగిన మేలు గలదు. వసతిగృహములో ఉప్మా వండినరోజున ఆ విద్యార్థికి ఇడ్లీయో, అన్నమో వేరుగా ఉంచునట్లు చూడవచ్చును. విహారయాత్రలో ఇంటి నుండి తెచ్చుకొన్న డబ్బా తినుట అవమానము కాదని తరగతికి చెప్పవచ్చును. అది అంటువ్యాధి కాదనియు, వాని ప్రక్కన కూర్చుండి తినుటవలన ఎవరికిని ఏమియు కాదనియు తెలుపవచ్చును. ఆ మాటలు వినిన తరగతి, గిన్నెడు నీటిలో గోధుమపిండిని కడిగి చూచినచో, తమ స్నేహితుడు పూరీని ఏల వలదనుచున్నాడో మరి అడుగదు. పథ్యము తప్పక నడచిన పిల్లవాడు బరువు పెరుగును, ఎత్తెదుగును, అందరివలెనే ఆడుకొనును.