వేట నిషేధ భృతి: గోదారి వరదలో చేప ఎటు పోతుంది?



"61 రోజులు బోటు కట్టేశాం. తీరా వేటకెళ్తే వరద తగిలింది, వలలో చేపే లేదు." గోదావరి మొగల దగ్గర రేవుల్లో ఈ మాట కొత్త కాదు. ఇలా ఎందుకు జరుగుతుందో, దానికీ మీ భృతికీ లింకేంటో చూద్దాం.

జూలై, ఆగస్టుల్లో ఎగువ రాష్ట్రాల్లో పడ్డ వానంతా ధవళేశ్వరం దాటి సముద్రంలోకే వస్తుంది. బ్యారేజీ దగ్గర 10 లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది ఇస్తారు. 2022 జూలైలో అయితే 25 లక్షలు దాటింది.

మంచినీళ్లు ఉప్పునీటి కంటే తేలిక. అందుకే ఎర్రనీరు వెంటనే కలిసిపోదు, సముద్రం మీద పొరలా పరుచుకుంటుంది. బురద వల్ల వెలుతురు కిందికి దిగదు. ఉప్పు తగ్గితే ఓర్చుకోలేని చేప లోతుకో, దూరానికో జరుగుతుంది. కదల్లేని గుల్లలు మాత్రం ఎక్కువ రోజులు మంచినీళ్లు నిలిస్తే అక్కడే చస్తాయి. ఇలసది వేరే దారి. అది వరదకు ఎదురీది గోదారి ఎక్కుతుంది, అప్పుడే దాన్ని పులస అంటాం.

అయితే వరద నష్టం ఒక్కటే తేదు. ఒండ్రుతో పాటు పోషకాలూ వస్తాయి. బురద తేరుకుని ఎండ తగిలాక కంటికి కనిపించని నాచు పెరుగుతుంది, పిల్లచేపకు అదే మేతకు మొదలు. రొయ్యపిల్ల కోరింగ మడల్లో దాక్కుని పెరిగి సముద్రంలోకి దిగుతుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట ఆపేది తల్లిచేప గుడ్లు పెట్టుకోవడానికే. ఆ పిల్లలకు వరద తెచ్చిన మేత అందుతుంది. ఆ టైంలో పాయల్లో సన్నకంటి వల వేస్తే మీరు 61 రోజులు ఆగిన ఫలితం అక్కడే పోతుంది.

ఇక డబ్బు సంగతి. 2025 నుంచి 'మత్స్యకార సేవలో' కింద భృతి రూ. 20,000 చేశారు. ఇది నిషేధ కాలానికే. వరదకు వేట పోయిన రోజులు ఇందులో కలవవు. కుదిరితే కొంత ఆగస్టుకి దాచుకోండి (చెప్పినంత తేలిక కాదని తెలుసు).

చేప ఎక్కడుందో హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ ఉపగ్రహాల సాయంతో చెబుతుంది, కానీ మబ్బు పడితే ఆ సమాచారం అందదు. ఎర్రనీటిలో దుంగలు కొట్టుకొస్తాయి, రాత్రి వేట వద్దు. సముద్రంలో ఆపద వస్తే కోస్ట్‌గార్డ్ నంబరు 1554.