మంచు కొఱకు వేచిన యూరు

సంక్రాంతి దినములలో కోడలు ఇంట లేకుండుట మా అత్తగారికి బొత్తిగా నచ్చలేదు. "ముగ్గులు పెట్టవలసిన వేళ మంచుకొండ లెక్కెదరా?" అని యామె రెండు దినములు మాతో సరిగా మాటలాడలేదు. కాని బడిపంతులుగారి సంసారమునకు పది దినముల సెలవు వరుసగా మరల నెప్పుడు దొరకును? మా పెద్దవాడు మూడేండ్లనుండి మంచు చూపుమని ప్రాణము తీయుచున్నాడు. అందుచేత 2024 జనవరిలో, సెలవులిచ్చిన నాటి రాత్రియే రైలెక్కి, ఢిల్లీ మీదుగా కాల్కా చేరి, అచ్చటనుండి 1903లో తెరచిన చిన్న రైలుమార్గమున నూరింటికి మించిన సొరంగములు దాటి సిమ్లాకు పోయితిమి. సిమ్లాను గూర్చి సోదరీమణులు పలుమారులు చదివియే యుందురు. దానిని విడిచి, మేము నాలుగు దినములు బసచేసిన నార్కండ యను చిన్న యూరిని గూర్చి వ్రాసెదము.

నార్కండ సిమ్లాకు అరువది కిలోమీటర్లకు పైబడిన దూరమున, సముద్రమునకు సుమారు 2,700 మీటర్ల యెత్తున, కొండ కనుమమీద నున్నది. 1850లో నారంభించిన హిందూస్థాన్–టిబెట్ రహదారి యూరి నడుమనుండి పోవును. ఆ రహదారియే యూరికి వీధి, అంగడి, బస్సుల నిలయము, రచ్చబండ. ఒకవైపు దేవదారు వనముల మీద సుమారు 3,400 మీటర్ల యెత్తుగల హాటూ శిఖరము, దానిపై హాటూమాత గుడి. రెండవవైపు లోయ క్రిందికి దిగి దిగి సట్లెజ్ నదిని చేరును. ఒక దుకాణమున కొమ్మలు కోయు రంపములు, పురుగుమందు డబ్బాలు అమ్ముచుండ, దాని ప్రక్క దుకాణమున పొడుగైన సన్నని పలకలు జతలు జతలుగా గోడకు చేర్చి యుంచిరి. ఈ పలకలను పాదములకు బిగించుకొని, రెండు చేతులను కఱ్ఱలు పట్టి, మంచు వాలుమీద జారుటయే స్కీయింగు. ఏటేట శీతకాలమున దీనిని నేర్చుకొనుటకు దూరదేశములనుండి యువతీయువకులు ఇచ్చటికి వత్తురు. వేసవి మొదలు శరత్తువఱకు ఆపిల్ పండ్లు, ఆపైన మంచు: ఈ రెండే యీ యూరి జీవనాధారములు.

మేము పోయిన దినమున మంచు లేదు.

కొంచెము తక్కువగా నున్నదని కాదు, లేనేలేదు. జారుడుమైదానమంతయు ఎండిన గడ్డితో మన వేసవి బీడువలె గోధుమవన్నెగా నుండెను. ఆకాశము మచ్చలేని నీలము. దూరమున ఉత్తరపు మహాపర్వతములు మాత్రము తెల్లగా నుండెను. బాల్యమున మా తండ్రిగారు మనుచరిత్రము చెప్పుచు, ప్రవరుని పాదలేపము హిమజలమున కరగిపోయిన ఘట్టమున కొంతసేపు ఆగి, హిమము కరుణలేనిదని యనుచుండెడివారు. అచ్చట నిలిచి చూడగా, ఆ దినమున ప్రవరుడు వచ్చియుండినచో లేపము చెడక సాయంకాలమునకే యిల్లు చేరియుండునని తోచినది. మా వారితో ననగా నవ్విరి. మా పిల్లవాడు మాత్రము నవ్వలేదు. వాడు దుకాణములో పలకలు కాళ్లకు కట్టించుకొని, గచ్చునేలమీద కదలక పది నిమిషములు నిలుచుండి, విప్పించుకొని వచ్చెను. దుకాణదారు డబ్బు పుచ్చుకొనలేదు. "ఈ నెల బోణీయే కాలేదు, బాబూ; నీయొద్ద తీసికొనుట మంచిదికాదు" అనెను.

ఆ జనవరి మాసమున హిమాచలప్రదేశ మంతటను రావలసిన వానలోను మంచులోను నూటికి పది పాళ్లయినను రాలేదు. మేమున్నప్పుడు ఆ లెక్క యెవరికిని తెలియదు గాని, ఊరివారందఱును మాట నడుమ తలయెత్తి ఆకాశము చూచుట యొక యలవాటుగా నుండెను.

మేము దిగినది ఒక రైతుకుటుంబము వారి యింట. పై యంతస్తున రెండు గదులు అద్దెకిత్తురు. ఇంటి యిల్లాలికి నలుబది యెనిమిదేండ్లుండును; భర్త పోయి ఆరేండ్లు. ముసలి అత్తగారు, ఒక కుమారుడు. మేము పెండ్లికి ముందు ఇంటియొద్ద హిందీ పరీక్షలకు చదివియుండుట ఇన్నాళ్లకు అక్కఱకు వచ్చినది. ఆమె మమ్ము బెహెన్‌జీ యనియు, మా వారిని మాస్టర్‌జీ యనియు పిలిచెను. మేము ఆమెను దీదీ యంటిమి. తలకు ధాటూ యను రంగురుమాలు వెనుకకు ముడివైచుకొని యుండెను. ఆ ప్రాంతపు స్త్రీలందఱును అట్లే కట్టుదురు. ఇంటి నడిమి గదిలో ఇనుపపొయ్యి. పొగగొట్టము కప్పుమీదికి పోవును. దానిని తందూరు అందురు. శీతకాలమంతయు సంసారము దానిచుట్టే జరుగును: వంట, చదువు, కలహము, నిద్ర.

మొదటి రాత్రి మాకు సిడ్డూ పెట్టిరి. గోధుమపిండి పులియబెట్టి, లోపల అక్రోటు పప్పు, గసగసాలు నూరిన ముద్ద పెట్టి ఆవిరిమీద ఉడికింతురు. మన కుడుముకు దూరపు చుట్టమనవచ్చును, కాని నేయి పోయుటలో వారి చేతికి ఎముక లేదు.

మరునాడు ఆమె వెంట తోటకు పోయితిమి. చెట్లన్నియు ఆకులేక మోడులై యున్నవి. నేపాలునుండి వచ్చిన కూలీలు కొమ్మలు కత్తిరించుచుండిరి. కత్తిరించిన కొమ్మలు ఏరుట, కిల్టా యను మొనగల బుట్ట వీపునకు తగిలించుకొని పశువుల యెరువు పైనుండి మోయుట స్త్రీల పని. ఆ బుట్ట నొకసారి మేమును వీపునకెత్తుకొని పది యడుగులు వేసి దించితిమి. ఆమె దినమునకు ముప్పదిసారులు మోయును.

మంచు లేకున్న చెట్టునకేమి నష్టమని యడిగితిమి. ఆమె చెప్పినదియు, తరువాత మా వారు పుస్తకములలో చూచి చెప్పినదియు ఒకటియే. ఆపిల్ చెట్టు శీతకాలమున నిద్రించును. ఆ నిద్ర చాలినంత సాగవలెను. రాయల్ డెలిషస్ అను పాతరకమునకు ఏడు డిగ్రీలకు లోబడిన చలి సుమారు వేయి గంటలకు తక్కువ కాకుండ తగులవలెను. అంత చలి తగిలినగాని చైత్రమున మొగ్గలన్నియు ఒక్కసారిగా విచ్చవు. నిద్ర చాలనిచో ఒక కొమ్మ ముందు, ఒక కొమ్మ వెనుకగా పూయును. పుప్పొడి అందించు రకములకును దీనికిని పూతకాలము కలియదు. అద్దెకు తెచ్చిన తేనెటీగల పెట్టెలు వ్యర్థమగును. రెండవది నీరు. వాన కురిసి వాలున జారిపోవును. మంచు మాత్రము వారముల తరబడి మెల్లగా కరగి నేలలో నింకి, ఊటలను నిలిపి, పూతవేళకు వేళ్లకందును. "మా మామగారు దీనిని తెల్లని యెరువనెడివారు" అని ఆమె యనెను. ఈ చలి యేటేట తగ్గుచున్నందున క్రిందిలోయలలో పలువురు ఆపిల్ తీసివేసి దానిమ్మ, కివీ మొదలగునవి పెట్టిరి. ఆపిల్ తోటలు కొండమీదికి ఎగబ్రాకుచున్నవి. "ఎక్కి ఎక్కి యేమి చేయును, బెహెన్‌జీ? పైన కొండ అయిపోవును గదా" అనెను.

ఈ ప్రాంతమునకు ఆపిల్ వచ్చిన కథ వినదగినది. నార్కండకు పదునైదు పదునారు కిలోమీటర్ల దూరమున థానేధార్, దాని చేరువనే కోట్‌గఢ్ కలవు. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో 1882లో ధనికుల యింట పుట్టిన సామ్యూల్ ఎవాన్స్ స్టోక్సు 1904లో కుష్ఠరోగులకు సేవచేయుటకు ఈ దేశమునకు వచ్చి, కోట్‌గఢ్‌లో నిలిచిపోయి, 1912లో అచ్చటి కన్యనే వివాహమాడెను. పండించిన ధాన్యము కడుపునకు చాలని రైతులను చూచి, 1916 ప్రాంతమున స్వదేశమునుండి డెలిషస్ మొక్కలు తెప్పించి నాటి, ఇరుగుపొరుగులకు పంచెను. అంతకుముందు కులూ లోయలో ఆంగ్లేయులు నాటిన రకములు పులుపు; మనవారి నాలుకకు తీపి కావలెను. ఆయన మఱియొక పనియు చేసెను. దొరలు టిబెట్ రహదారిమీద పోవునపుడు పల్లెవాండ్రు పనులు మాని వారి సామానులు మోయవలెను. దీనిని బేగారు అందురు. మన తెలంగాణమున వెట్టి యనినదే యిది. స్టోక్సు దానిపై పోరాడగా 1921లో ఆ ప్రాంతమున బేగారు పోయినది. అదే సంవత్సరము స్వరాజ్యోద్యమమున చెఱకు పోయెను. 1932లో హిందూమతము స్వీకరించి సత్యానందుడయ్యెను, భార్య ప్రియాదేవి. 1937లో ఆయన కట్టించిన పరంజ్యోతి మందిరము థానేధార్‌లో నున్నది. ఉపనిషద్వాక్యములు, గీతాశ్లోకములు కొయ్యమీద చెక్కియుండుట చూచి, వానిని చదువగలిగినందులకు మాకు మా తండ్రిగారు గుర్తువచ్చిరి.

స్టోక్సును గూర్చిన పుస్తకములు కలవు. ఆయన తోటలో ఆ యెరువు బుట్టలు మోసిన యాడవారిని గూర్చి యెవరైన వ్రాసిరేమో మేము చూడలేదు.

మూడవనాటి రాత్రి తందూరు చుట్టు కూర్చుండగా తల్లీకొడుకుల తగవు బయటపడినది. ఎనుబది పాతచెట్లు మామగారు నాటినవి, కాపు తగ్గినది. 2023 వర్షకాలమున కొండలు విరిగి, దారులు తెగి, కోసిన పండ్లనుకూడ సకాలమున దింపలేకపోయిరి. చేత మిగిలినది స్వల్పము. తక్కువ చలికే కాచు క్రొత్తరకములు తెచ్చి నాటవలెనని తల్లి. అవి చేతికి వచ్చుటకు నాలుగైదేండ్లు. తోట కొంత తీసి, స్కీయింగునకు వచ్చువారికి నాలుగు గదులు కట్టవలెనని కొడుకు. అప్పుచేసిన రెండేండ్లకు తీర్చవచ్చునట. భూమి యిద్దఱి పేరను కలిసియున్నది. ఒకరి సంతకము లేక రెండవవారికి అప్పు పుట్టదు. ఏడాదిగా ఇద్దఱును సంతకము పెట్టుట లేదు.

"మాస్టర్‌జీ, చదువుకొన్నవారు, మీరు చెప్పుడు" అని ఆ యబ్బాయి మా వారి నడిగెను. వారు బడిలో చేయునట్లే రెండుపక్షములను సమముగా వివరించి, తీర్పు చెప్పక తప్పించుకొనిరి. మాకు అంత నేర్పు లేదు. "మంచు రాకున్న చెట్టు కాయదందువు. మఱి మంచు రాకున్న నీ గదులకెవరు వత్తురు, నాయనా? మేము వచ్చి చూచుచున్నాము గదా" అంటిమి. అతడు వెంటనే, "చెట్టు ఎండిన మరల లేవదు, మౌసీ, గది యెండిన వేసవిలోనైన నెవరో యొకరు వత్తురు" అనెను. దానికి మాకు బదులు తోచలేదు. ఇప్పటికిని తోచలేదు. ముసలామె మాత్రము మాల త్రిప్పుచు, "మీ రిద్దఱు ఒకే యజమానికి కూలీలు, ఆయన ఈ యేడు రాలేదు" అనెను.

దీదీ మమ్ము ప్రక్కగదికి పిలిచి, మీ యూర దేనికొఱకు ఎదురుచూచెదరని యడిగినది. కృష్ణకాలువ నీటికొఱకని చెప్పితిమి. "కాలువకు తలుపు తెరచువాడొక డుండును. వానినైన తిట్టవచ్చును" అని ఆమె నవ్వెను, కాని ఆ నవ్వు కంటివఱకు రాలేదు.

సంక్రాంతినాడు అచ్చటివారు పెసరో మినుమో వేసి కిచ్చడి వండి నేయి పోసి తిందురు. మేము పెరటి బండమీద పిండితో చిన్న ముగ్గు పెట్టి నడుమ ఎరువుముద్ద యుంచి, దానిపై గుమ్మడిపూవునకు బదులు ఎండిన దేవదారుకాయ గుచ్చితిమి. చూడవచ్చిన పొరుగు స్త్రీలకు గొబ్బెమ్మ కథ హిందీలో చెప్పలేక నానాయాతన పడితిమి. మరునాడు బయలుదేరునపుడుకూడ ఆకాశము నీలముగనే యుండెను.

మేము ఊరు చేరిన రెండు వారములకు, ఫిబ్రవరి మొదటి దినములలో ఒక సాయంకాలము, దీదీ టెలిఫోను చేసినది. జనవరి తుదినుండి మంచు పడుచున్నదట. వాకిలి తెరచుటకు పార కావలసి వచ్చినదట. మా పిల్లవాడు టెలిఫోను లాగుకొని, మైదానము నిండినదా, పలకలవాని దుకాణమున జనమున్నారా యని యడిగెను. తాను చూడలేదని యామె చెప్పెను. పైగదులు రెండును నిండినవని కొడుకు చెప్పుచున్నాడట, అతని ఉత్సాహము పట్టశక్యము కాదట. తాను మాత్రము ఉదయమునుండి పొడుగుకఱ్ఱ పట్టుకొని తోటలోనే యున్నదట: బరువుకు కొమ్మలు విఱుగకుండ ఒక్కొక్క చెట్టు మంచు దులుపుచు. ఎన్ని చెట్లయినవని యడిగితిమి. "పాతవి ఎనుబదియు అయినవి. ముందు వానిదగ్గఱకే పోయితిని" అనెను.