పగడం చెప్పిన మట్టి లెక్క

టీవీలో గ్రేట్ బారియర్ రీఫ్ గురించి చూస్తూ మా అమ్మాయి అడిగింది: "నదులన్నీ మట్టి తెచ్చేవే కదా నాన్నా, తప్పు మనిషిదని ఎలా అంటారు?" బ్యాంకు ఉద్యోగిని కదా, ప్రారంభ నిల్వ తెలియనిదే నష్టం తేలదన్నాను.

ఆస్ట్రేలియాలోని బర్డెకిన్ నది వరదల్లో మట్టిని సముద్రంలోకి మోసుకెళుతుంది. నీరు మురికిపడితే వెలుతురు అందక పగడాలు దెబ్బతింటాయి.

సహజమైన కోత ఎంతో నది ఇసుకే చెబుతుంది. నేల పైపొరలోని పలుగురాయి రేణువుల్లో విశ్వకిరణాల వల్ల బెరీలియం-10 పుడుతుంది. నేల నెమ్మదిగా అరిగితే అది ఎక్కువగా చేరుతుంది, త్వరగా అరిగితే తక్కువగా. దాన్ని కొలిస్తే వేల ఏళ్ల సగటు కోత తెలుస్తుంది. ఇప్పుడు నది మోస్తున్న మట్టిని దానితో పోల్చి చూస్తారు.

రెండో సాక్షి పగడమే. అది ఏటేటా ఒక పొర పెరుగుతుంది. వరద మట్టితో వచ్చిన బేరియం ఆ పొరలో నిలిచిపోతుంది. హవన్నా దిబ్బ పగడాల్లో 1750 నుంచి 1998 వరకు లెక్క దొరికింది. 2003లో వెలువడిన ఆ పరిశోధన ప్రకారం 1870 తర్వాత మట్టి ఐదు నుంచి పది రెట్లు పెరిగింది. యూరపువారు వచ్చి మందలను మేపడం మొదలైన కాలమది. గడ్డి పోయిన నేలను వాన కోసుకుపోయింది.

"అయితే ఇప్పుడేం చేయాలి?" అంది అమ్మాయి. సహజమైన కోతను ఎవరూ ఆపలేరు. మనం పెంచిన కోతను మాత్రం మేత తగ్గించి, గడ్డి నిలిపి, కోసుకుపోయిన వాగు గట్లను సరిచేసి తగ్గించవచ్చు. అక్కడ ఆ పని జరుగుతోంది కూడా. ఎంత మన బాకీయో తెలిస్తేనే కదా, తీర్చడానికి పూనుకునేది!