రిజిస్టర్‌లో పేరెక్కే చదువేనా?

నర్సింగ్ కోసం పిల్లను విదేశానికి పంపాలనుకున్న కుటుంబం కన్సల్టెన్సీలో మొదట అడిగేది ఫీజు ఎంత, వీసా వస్తుందా అని. ఇంటి కాగితాలు బ్యాంకులో పెట్టి పంపేవాళ్లు ఆ రెండూ అడగాల్సిందే. వాటికన్నా ముందు అడగాల్సింది ఇంకొకటుంది. ఈ చదువు పూర్తయితే ఆ దేశం మా అమ్మాయిని నర్సుగా నమోదు చేసుకుంటుందా?

నర్సింగ్‌లో పట్టా వేరు, లైసెన్సు వేరు. బ్రిటన్‌లో నర్సుగా పనిచేయాలంటే నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కౌన్సిల్ రిజిస్టర్‌లో పేరుండాలి. అందుకు అక్కడ చదివే కోర్సులో 2,300 గంటల ప్రాక్టికల్ శిక్షణ ఉండాలి. హెల్త్‌కేర్ మేనేజ్‌మెంట్‌లోనో, అడ్వాన్స్‌డ్ నర్సింగ్‌లోనో ఏడాది ఎంఎస్సీ చేసినంత మాత్రాన ఆ పేరు ఎక్కదు. పట్టాలో 'నర్సింగ్' అని ఉంటే చాలనుకుని లక్షలు కట్టే పిల్లలను తలచుకుంటే మనసు చివుక్కుమంటుంది. పోనీ, కేర్ వర్కర్‌గానైనా కుదురుకోవచ్చనుకుంటే ఆ దారీ ఇరుకైంది. విదేశాల నుంచి ఆ పనికి మనుషుల్ని తీసుకోవడం 2025 జులై 22న ఆపేశారు. కౌన్సిల్ ఆమోదించిన కోర్సుల జాబితా దాని వెబ్‌సైట్‌లోనే ఉంటుంది. అడ్వాన్స్ కట్టేముందు ఫోన్‌లో తెరిచి, కోర్సు పేరు అందులో ఉందో లేదో చూసుకోవాలి.

ఇక్కడే నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్ చేసినవాళ్లకు అసలు మరో డిగ్రీ అక్కర్లేదు. ఐఈఎల్‌టీఎస్‌లో 7, రైటింగ్‌లో 6.5 తెచ్చుకుని, కంప్యూటర్ పరీక్ష ఇక్కడే రాసి, పని నైపుణ్యాన్ని పరీక్షించే ఆస్కీకి అక్కడికెళ్లి హాజరుకావచ్చు. అప్పు మీద కాదు, జీతం మీద వెళ్తారు. ఉద్యోగం ఇప్పించినందుకు నర్సు దగ్గర ఫీజు తీసుకోకూడదని బ్రిటన్ నియామక నియమావళే చెబుతోంది.

ఇంటర్ తర్వాత వెళ్లాలనుకునేవాళ్లకైతే నేను జర్మనీ వైపే మొగ్గుతాను. అక్కడ ఆస్‌బిల్డుంగ్ అనే మూడేళ్ల వృత్తి శిక్షణ ఉంది, అది డిగ్రీ కాదు. అయినా నర్సుగా గుర్తింపునిస్తుంది, చదివే రోజుల్లోనే నెలకు సాధారణంగా వెయ్యి యూరోలకు పైగా ఇస్తారు. అసలు కష్టం భాషది. బీ1, చాలాచోట్ల బీ2 స్థాయి జర్మన్ రావాలి. ఇప్పటికే నర్సులైనవాళ్లకు జర్మన్ నేర్పించి పంపడానికి తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ 'ట్రిపుల్ విన్' కార్యక్రమంలో చేరింది.

ఇంకో సంగతి ఇంట్లోనే మాట్లాడుకోవాలి. మన ఆసుపత్రుల్లో రోగికి ఒళ్లు తుడవడం, తినిపించడం, పక్క మార్చడం ఎక్కువగా ఆయాలో, వెంట వచ్చినవాళ్లో చేస్తారు. ఆ దేశాల్లో అవీ నర్సు పనుల్లో భాగమే. ముందే చెబితే పిల్లలు మనసు సిద్ధం చేసుకుంటారు. చెప్పకుండా పంపితే మొదటి నెలలోనే ఫోన్‌లో ఏడుస్తారు.