బానెట్ మీద చీమలు

మా ఇంటి ముందు సువర్ణరేఖ మామిడి చెట్టుంది. దాని కిందే నా కారు. తెల్ల మారుతి, సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ స్కూటర్ మీద తిరిగి, రిటైరయ్యాక కొనుక్కున్న బండి కాబట్టి దాని మీద ఈగ వాలినా నాకు తెలిసిపోతుంది. సంక్రాంతి వెళ్ళాక, పూత నిండుగా ఉన్న రోజుల్లో ఒక ఉదయం చూద్దును కదా, బానెట్ నిండా ఆవగింజలంత చుక్కలు. ముట్టుకుంటే జిగురు. మధ్యలో ఒకచోట ఎప్పటిదో సొన గడ్డకట్టి, బెల్లం పాకం చుక్కలా గోధుమ రంగులో మెరుస్తోంది.

నేను చేసిన పని చెప్పడానికి ఇప్పటికీ సిగ్గే. లోపలికెళ్ళి గెడ్డం గీసుకునే పాత బ్లేడు తెచ్చి, ఆ పెద్ద చుక్కను గీకేశాను. చుక్క పోయింది. దాని చోట అర్ధరూపాయి బిళ్ళంత మబ్బు మిగిలింది.

"అదేటో సూడకుండానే గీకేసినారేటండీ?" అంది మా ఆవిడ.

గరివిడిలో మాంగనీసు ఖనిజం శాంపిళ్ళు పరీక్షించే ల్యాబులో ముప్పై ఏళ్ళు పనిచేశాను. శాంపిల్ ఏమిటో తెలియకుండా దాని మీద ఏదీ పొయ్యొద్దని కొత్త కుర్రాళ్ళకు చెప్పి చెప్పి నోరు నొప్పెట్టేది. సొంత బండి దగ్గరికొచ్చేసరికి ఆ బుద్ధి ఏ అటకెక్కిందో!

ఇంతకీ ఆ మబ్బు ఎందుకొచ్చిందంటే, కారు రంగు ఒక్క పూత కాదు. రేకు మీద తుప్పు ఆపే పూత, దాని మీద ప్రైమరు, ఆపైన రంగు, అన్నిటికంటే పైన రంగులేని వార్నిష్ లాంటి పొర. దాన్ని క్లియర్ కోటు అంటారు. మెరుపంతా దానిదే. దాని మందం నలభై, యాభై మైక్రాన్లు, అంటే మన తలవెంట్రుక కంటే పల్చన. బ్లేడు అంచు గీసింది ఆ పొరనే.

మర్నాడు మిగిలిన చిన్న చుక్కల సంగతి చూద్దామని వెళ్తే, బానెట్ మీద చీమల బారు. చక్రం మీదుగా ఎక్కి, చుక్క చుక్క దగ్గరా ఆగి మరీ వెళ్తున్నాయి. చీమలు బంక కోసం ఇంత దూరం రావు కదా! అప్పుడు తలెత్తి పూత గెల ఒకటి వంచి చూశాను. బియ్యపు గింజలో సగం కూడా లేని పురుగులు చిటపటమని ఎగిరాయి. మామిడి రైతులందరికీ తెలిసిన తేనెమంచు పురుగు. పూతలోని రసం పీల్చి, ఒంటికి పట్టని తీపి నీళ్ళను వెనకనుంచి చిమ్ముతుంది. ఆకుల మీద పడితే అదే తీపి మీద నల్లటి మసి తెగులు పెరుగుతుంది. కారు మీద పడితే మనం చెట్టును తిడతాం.

పంచదార మరకకు మందు నీళ్ళు. గోరువెచ్చని నీళ్ళలో పాత బనీను తడిపి బానెట్ మీద పది నిమిషాలు పరిచి ఉంచితే అవన్నీ కరిగిపోయాయి. ఒక్కటి కూడా రుద్దలేదు. అందుకే ఎవరైనా "సారూ, చెట్టు బంక పడిందండి" అంటే, ముందు చీమలు వచ్చాయా అని అడుగుతాను. వేప బంక కూడా ఎక్కువగా నీటికే లొంగుతుంది, కాకపోతే నానడానికి ఇంకాస్త టైము పడుతుంది.

మామిడి సొన దారి వేరు. కాయ కోసినప్పుడు తొడిమ నుంచి చిమ్మే సొనలో నూనెలాంటి పదార్థాలుంటాయి. అవి చేతిమీద పడితే పొక్కుతుంది, పచ్చికాయ తొక్క మీద పడితే నల్ల మచ్చ వస్తుంది. నీళ్ళు దాన్నేమీ చెయ్యలేవు. దానికి మందు మా వంటింట్లో ఎప్పటినుంచో ఉంది, నాకే కనపడలేదు. మా ఆవిడ పనసకాయ కొయ్యబోయే ముందు చేతులకీ కత్తిపీటకీ నూనె రాసుకుంటుంది. పనస పాలు నీళ్ళతో కడిగితే ఇంకా సాగుతాయి, నూనె తగిలితే వదిలేస్తాయి. జాతి జాతిని కరిగిస్తుందని మేం ల్యాబులో పెద్ద సూత్రంలా చెప్పుకునేవాళ్ళం.

మే నెలలో కాయ దింపినప్పుడు మళ్ళీ సొన పడింది. ఈసారి బండిని నీడకు తీసి, రేకు చల్లారాక దుమ్ము కడిగాను. దుమ్ము మీద గుడ్డ తిప్పితే అది గరుకు కాగితంతో సమానం. దూదిని కొబ్బరినూనెలో ముంచి చుక్క మీద పెట్టి, వెళ్ళి టీ తాగి వచ్చాను. చుక్క అంచు మెత్తబడి, వేలితో నెడితే పక్కకు జరిగింది. మిగిలిన జాడకు కరోనా రోజుల్లో కొన్న శానిటైజరు. జెల్ కాదు, నీళ్ళలా ఉండే స్పిరిట్ రకం. దూదిని దాంతో తడిపి అర నిమిషం అదిమి ఉంచి, అద్దినట్టు ఎత్తేశాను. తర్వాత షాంపూ నీళ్ళతో కడిగి, అక్కడ కాస్త వ్యాక్సు రాశాను, ఎందుకంటే స్పిరిటు పాత వ్యాక్సును కూడా లేపేస్తుంది. తలుపుల కింద అంచున పడే తారు చుక్కలకు కిరసనాయిలు ఇదే తీరున పనిచేస్తుంది. వెంటనే కడిగెయ్యాలి, అంతే.

వాటర్ సర్వీసింగు కుర్రాడు ఒకడు, "తిన్నరు గుడ్డెట్టి తుడిసేస్తే ఒక్క నిమిషంలో పోద్ది సారూ" అన్నాడు. వద్దురా బాబూ అన్నాను. కంపెనీ రంగును నూట నలభై డిగ్రీల దాపు వేడిలో ఉడికిస్తారు, అది కొంతవరకు తట్టుకుంటుంది. నా బండికి ఎడమ తలుపు ఎప్పుడో పాత యజమాని షెడ్డులో లప్పం పెట్టించి రంగు వేయించినది. అలాంటి రంగు తిన్నరుకు చెయ్యి చాచినట్టే వచ్చేస్తుంది. కాకిరెట్టల విషయంలో మాత్రం ఆలోచనే వద్దు. అందులో యూరిక్ ఆమ్లం ఉంటుంది, ఎండకు అది క్లియర్ కోటును తినేస్తుంది. చూసిన వెంటనే చెంబెడు నీళ్ళు పొయ్యండి.

ఇవన్నీ పోయాక కూడా వెనక డిక్కీ మీద సూది మొనంత చుక్కలు మిగిలాయి. చుట్టూ లేత ఎరుపు. అవి చెట్టువి కావు. చేతికి పల్చటి పాలిథిన్ కవరు తొడుక్కుని కడిగిన రేకు మీద మెల్లగా జరిపితే, కంటికి కనపడనివి కూడా గరగర తగిలాయి. "మన ఊరి మాంగనీసు ధూళే" అన్నాడు పక్కింటాయన. ఆయన అనుమానంలో వింత లేదు. దేశంలో మాంగనీసు తవ్వకం మొదలైంది ఈ ప్రాంతంలోనే, 1892లో, అప్పటికి ఇదంతా విశాఖపట్నం జిల్లా. మా దగ్గరి కోడూరు పేరుమీద ఒక రాతికి కోడూరైట్ అని ఫెర్మోర్ అనే భూగర్భ శాస్త్రవేత్త పేరు పెట్టాడు కూడా. అయినా ఖనిజం ధూళి నల్లగా ఉంటుంది, నీళ్ళు కొడితే పోతుంది, చుట్టూ ఎర్ర అంచు కట్టదు. బండి వెనక గోడ మీది దుమ్ములో కాగితం చుట్టిన అయస్కాంతం తిప్పాను. సన్నటి రజను మీసాల్లా లేచి అంటుకుంది. ఇనుము.

ఎక్కడిదంటే, నేను విజయనగరం వెళ్ళినప్పుడల్లా బండిని రైలు పట్టాల పక్కన వదిలేవాణ్ణి. అది హౌరా-చెన్నై లైను. బ్రేకు పడినప్పుడు రాలే రజను అంతా గాల్లోనే ఉంటుంది. మా సందు చివర గేట్లు, గ్రిల్సు చేసే షెడ్డులో గ్రైండరు రవ్వలు సరేసరి. కాలుతున్న ఇనుప రేణువు రంగులో గుచ్చుకుని, తర్వాత తుప్పుపట్టి ఉబ్బుతుంది. దాన్ని రుద్దితే అదే గీతలు పెడుతుంది.

దీనికి ఐరన్ రిమూవర్ అని అమ్ముతారు. అందులో ఉండేది థయోగ్లైకొలేట్. అవాంఛిత రోమాల క్రీముల్లో ఉండేదీ ఆ కుటుంబమే, అందుకే ఆ కుళ్ళు వాసన. చేతికి గ్లౌజులు వేసుకుని నీడలో చల్లాను. రెండు నిమిషాలకు ప్రతి చుక్క నుంచీ ఊదారంగు ధార కిందికి జారింది. తెల్ల రేకు మీద ఆ రంగు చూస్తే ల్యాబు గుర్తొచ్చింది. మాంగనీసు లెక్క కట్టడానికి పర్మాంగనేటును బ్యూరెట్టు నుంచి బొట్టు బొట్టుగా వదులుతూ, గులాబీ రంగు నిలిచే క్షణం కోసం రెప్ప వెయ్యకుండా చూసేవాణ్ణి. ఇక్కడ రంగు మాంగనీసుది కాదు, ఇనుముది. అయినా కన్ను పాత అలవాటు మానలేదు. ఆరిపోనివ్వకుండా నీళ్ళు కొట్టేశాను.

మొండికేసిన నాలుగైదింటికి క్లే బార్ వాడాను. పిల్లలు ఆడుకునే రంగు మైనంలా ఉంటుంది, లోపల సన్నటి రాపిడి పొడి. జపాన్‌కు చెందిన తదావో కొదాతే దీని మీద 1990లలో అమెరికాలో పేటెంట్లు తీసుకున్నాడు. సబ్బు నీళ్ళు ధారాళంగా చల్లి, బిళ్ళలా నొక్కి, బరువు వెయ్యకుండా జరపాలి. మొదట గరగరమంటుంది. ఆ చప్పుడు ఆగిందంటే పని అయినట్టే. చెయ్యి జారి కింద పడితే ఎంత ఖరీదైనదైనా పారెయ్యాల్సిందే, ఇసుక పట్టేస్తుంది.

ఇప్పుడు డిక్కీ మీద చెయ్యి పెడితే అద్దంలా జారుతోంది. బానెట్ మీది మబ్బు మాత్రం అలాగే ఉంది. పాలిష్ కొడితే తగ్గుతుందన్నారు, నేనే వద్దన్నాను, ఉన్న పొర ఇంకా పల్చబడుతుందని. చెట్టు కొట్టించమన్నవాళ్ళూ ఉన్నారు. కొట్టించలేదు. మీ బండి మీద ఏ చుక్క పడినా సరే, ముందు చీమలకోసం చూడండి, తర్వాత నూనె సీసా తియ్యండి. బ్లేడు జోలికి మాత్రం పోకండి.